గోళం నెత్తిన తెల్లకాగితం

మావయ్యా,

నిన్న మన కార్ఖానాలో బడుల భూగోళాల నెత్తిన మంచు గుర్తుగా అంటించిన తెల్లకాగితాలు చిన్నవైపోయాయని కేకలేశావు. కావాలనే చిన్నగా కత్తిరించాను. భూమి వేడెక్కి ఉత్తరధ్రువపు సముద్రం మీద మంచు ఏటేటా తగ్గిపోతోంది. మన కొలత మాత్రం తాతయ్య నాటిదే.

"మంచు కరిగితే నీకెందుకే, నువ్వు జిగురు కరిగించు! నెత్తిన పటం ముక్కలు కలిసే అతుకులు బయటపడితే బడివాళ్లు సరుకు వెనక్కి పంపరూ?" అన్నావు.

నిజమే, ఇన్నేళ్లూ ఆ పెద్ద కాగితం దాచింది మన అతుకులనే. వాదించే ఓపిక నాకిక లేదు. ఆదివారాలు కూడా వచ్చి అతుకులు నేనే సరిచేస్తాను. పాత కొలతతో మాత్రం నాచేత కోయించకు.

ఒక గోళం నీ మనవరాలి తరగతికే వెళ్తుంది. "ఇంత మంచు నిజంగా ఉందా తాతా?" అని అది అడిగేది నిన్నే.

నీ మేనకోడలు