ఎర్ర జేబుకి మొదటి బహుమతి

అత్తయ్యా,

ఇంట్లో దొంగ పడలేదు. ఫోన్ పెట్టేసి నేను "బొంత, బొంత" అని అరిస్తే మీకు "దొంగ" అని వినబడింది. మీరు చీపురుతో వాచ్‌మన్ కోసం పరుగెత్తారని పక్కింటావిడ చెప్పింది. మీరొచ్చేదాకా ఆగే టైము లేదు, ప్రదర్శన హాలుకి వెళుతున్నాను.

పాలు కాచి దించాను, చల్లారాక మూత పెట్టండి. సాయంత్రం మీ అబ్బాయి వచ్చి మిమ్మల్ని హాలుకి తీసుకొస్తారు. ఆ అరిగిన చెప్పులతో మాత్రం రావద్దు. మన అతుకుల బొంతకి మొదటి బహుమతి వచ్చింది.

బూడిదరంగు బొంతకి ఓ మూల నాలుగు వంకర ముక్కలు వేసి, మిగతాదంతా కావాలనే ఖాళీగా వదిలాను. ఈ కాలం డిజైన్లకి ఆ ఖాళీయే అందం. మీరేమో కోడలికి గుడ్డ చాల్లేదని జాలిపడి, నేను ఇంట్లో లేనప్పుడు మామయ్యగారి ఎర్ర చొక్కా జేబు నడిమధ్యన కుట్టేశారు. అది కుట్టో కుట్రో తెలీక రెండు రోజులు మీతో మాట్లాడలేదు. విప్పుదామంటే మీ కుట్టు ఊడి చావలేదు. అలాగే పంపేశాను.

"ఇంత ఖాళీలో ఒక్క జేబు పెట్టడానికి ఎంత ధైర్యం కావాలి" అన్నారట జడ్జీలు. ఖాళీ నాది, ధైర్యం మీది. అత్తాకోడళ్ళకి అతకదనే వాళ్ళని పిలిచి చూపించాలి. ఫోన్లోనే పేర్లు రెండూ రాయించాను, మీదే ముందు.

వాచ్‌మన్‌కీ, మెట్ల మీద పోగైన వాళ్ళకీ చెప్పండి, దొంగ కాదు బొంత అని.

ఇంకోసారి అడిగి కుట్టండి. మామయ్యగారు వారంగా వెతుకుతున్న దువ్వెన ఆ జేబులోనే ఉందట. జడ్జీలు దాన్నీ డిజైనే అనుకున్నారట. ఆయనకి కొత్తది కొందాం.