కిటికీ ఉన్న గది

ఆదివారం రాత్రి

మేరీ అక్క క్వార్టర్‌లో కూర్చుని మా ముగ్గురి ఓడ ప్రయాణానికి లెక్కలు వేశాం. కిటికీ లేని గది చవక, అదే చాలని నేను పట్టుబట్టాను. ఆటో దగ్గర కూడా బేరమాడే స్వరూప కస్సుమంది.

“మా ఆయన రిటైరయ్యేదాంక బొగ్గుబాయిల చీకట్లనే ఉండె. సముద్రం మీదికి పోయి నేను గూడ చీకట్ల పండుకోవాల్నా? కిటికీ కావాలె!”

మేరీ అక్క నవ్వింది. “అయితే కొత్త చీరలు బంద్.”

సరేనన్నాం. బస్సెక్కితేనే వాంతులు చేసుకునే స్వరూప ఓడలో ఏమైపోతుందోనని నా బెంగ.

నైట్ షిఫ్టుకు బయల్దేరుతున్న మా ఆయనకు సంగతంతా చెప్పాను. “కిటికీల నుంచి పొద్దు పొడిచేది ఫోటో తియ్యి. గప్పుడు నేను బాయిల ఉంట, పైకొచ్చినంక చూస్త” అన్నాడు.

కిటికీ వద్దన్నది నేనేనని మాత్రం చెప్పలేదు.