తపసు మాను

ఏప్రిల్ 21, సోమవారం

రెండూ ఎడమ చేతులే. టీచరమ్మ పట్టు జాకెట్టుకు.

అంచు చాలదని చేతులు విడివిడిగా కోశాను. రెండోది తిప్పి కోయాలి కదా... తిప్పలేదు. కత్తెర కింద పెట్టాక కూడా తెలియలేదు. పక్కన హుక్కులు కుడుతున్న విమల ఎత్తి చూసింది. "ఏమయ్యా, టీచరమ్మకు రెండూ ఎడమ చేతులేనా?" అని పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత ఆమె నవ్వు ఆపి నా మొహం చూస్తూ కూర్చుంది. ఏం చూస్తావే అని కసిరాను.

పెళ్ళాం మీద కసరడం ఈ మధ్య ఎక్కువైంది.

ఏప్రిల్ 22, మంగళవారం

పళ్ళు తోముకుంటూ పద్యాలన్నీ చదువుకున్నాను. ఏటా భారతం ఆటల్లో అర్జునుడి వేషం కట్టి, శివుడి కోసం తపసని గుడి ముందు నాటిన మాను ఎక్కుతూ నేను మెట్టుమెట్టుకూ పాడేవి, మొదటి నుంచి కొసదాకా. ఒక్కటీ తప్పలేదు. తలకాయలో ఏదైనా చెడితే ఇవి వస్తాయా? రావు. అంతే.

ఏప్రిల్ 25, శుక్రవారం

కుట్టు మిషను చప్పుడు పళ్ళలోకి దిగుతోంది. ట్యూబులైటు ఆర్పేసి వాకిలి వెలుతురులో కుడుతున్నాను. కరెంటు ఖర్చు అని చెప్తున్నా. ఎవడు నమ్ముతాడు.

శివరాత్రి ముందు అంగడి షట్టరు సగం ఎత్తి, కింద పడిన టేపు తీసుకుని లేవబోతే అంచు నెత్తికి టంగున తగిలింది. రక్తం కూడా రాలేదు. కాస్త కళ్ళు బైర్లు కమ్మాయి, టీ తాగి మిషను ఎక్కాను. ఆ రోజు నుంచే ఇదంతా. షట్టరు తగిలితే మనిషి ఇట్లా అయిపోతాడా? సిగ్గుగా ఉంది.

విమల అంటోంది: "సోమవారం తిరప్తికి పోదాం. నరాల డాక్టరు తావకి. రానంటే నీ చెల్లెలికి ఫోను చేసి ఏడుస్తా."

ఏప్రిల్ 28, సోమవారం

డాక్టరమ్మ చిన్నపిల్ల. మన పక్క పిల్లే, మాట చెప్పేస్తుంది.

"ఇదొక్కసారేనా అన్నా, ఇంతకు ముందు కూడా నెత్తికి తగిలిందా?"

చెప్పుకుంటూ పోయాను. కుర్రతనంలో దుర్యోధనుడి వేషం కట్టినప్పుడు భీముడి గద జారి చెవి పైన పడింది. నీళ్ళు కొడితే లేచి ఆట పూర్తి చేశాను, జనం ఈలలే ఈలలు. తర్వాత చంద్రగిరి రోడ్డులో మోరీ దగ్గర బండి జారింది. ఇంటికి ఎవరు తెచ్చారో ఇప్పటికీ తెలియదు. ఇంకోసారి మాను దిగుతూ కింది మెట్టు తప్పి వెల్లకిలా పడ్డాను. ఇప్పుడు షట్టరు.

"దేనికైనా పడుకున్నావా? రెస్టు తీసుకున్నావా?"

"లేదమ్మా, లేచి పని చూసుకున్నా" అన్నాను, గొప్పగా. ఆమె నవ్వలేదు.

"ఎముక విరగలేదు, రక్తం రాలేదు అంటే ఏమీ కాలేదని కాదన్నా. లోపల మెదడు అదిరి పుర్రెకు కొట్టుకునుంటాది. మానకముందే మళ్ళా అదిరితే, ప్రతిసారీ కోలుకోవడం కష్టమైపోతాది. కొందరికి తలనొప్పీ కోపమూ ఉండిపోతాయి. కొందరికి ఏండ్లు గడిచినాక మతిమరుపు మొదలైతాది. నీకు ఏమైతాదో ఇప్పుడే చెప్పలేను. స్కాను చూద్దాం. ఇంకో దెబ్బ మాత్రం తగలకూడదు. ఎత్తులెక్కే పని ఏమన్నా ఉండాదా?"

"టైలర్నమ్మా. కూర్చునే పని" అన్నాను.

విమల నా వైపు తిరిగి నోరు తెరిచింది. కాలు తొక్కాను.

స్కాను మే 13న.

ఏప్రిల్ 29, మంగళవారం

పద్యాలన్నీ వచ్చాయి. డాక్టరమ్మకేం తెలుసు.

మే 2, శుక్రవారం

ధర్మరాజుల గుడి పెద్ద కుప్పస్వామి మామ అంగడికి వచ్చాడు. పదకొండో తేదీ కంకణాలు కడతారట. భారతం మొదలు. మాను ఇరవై రెండున. "కొత్త మాను తెస్తాండామప్పా, పోయినేటి దానికన్నా జాస్తి పొడుగు. నువ్వుండావని ధైర్యం" అని వీపు తట్టాడు.

కంకణం కట్టుకుంటే ఉత్సవం ముగిసేదాకా ఊరి పొలిమేర దాటకూడదు. స్కాను పదమూడున. నోటిదాకా వచ్చింది మాట. ఈలోపల మామ టీ తాగేసి వెళ్ళిపోయాడు.

మే 4, ఆదివారం

నాయుడుపేట నుంచి బిడ్డ ఫోను. రేవతికి పెళ్ళయి ఆరేళ్ళు దాటింది, కడుపు పండలేదు. చెయ్యని వైద్యం లేదు.

"నాయనా, ఈసారి నేనూ తడిబట్టల్తో మాను కింద పడుకుంటా. ఊర్లో అందరికీ నీ చేత్తో నిమ్మకాయ ఇసురుతావు, నాకెప్పుడు ఇసురుతావు?"

నవ్వుతూ అడిగింది. ఆ నవ్వు వెనకాల ఏముందో నాకు తెలియదా. "రా తల్లీ" అన్నాను. ఫోను పెట్టేశాక తట్టింది. నేను పైనుంచి విసిరే కాయ దొరికితే కడుపు పండుతుందని వచ్చిన ఆడవాళ్ళు మాను మొదట్లో బోర్లా పడుకుని ఉంటారు. నేను జారితే పడేది వాళ్ళ మీదే.

మే 7, బుధవారం

పోకుండా ఉండాల్సింది.

గురువు గారిని చూసి చాలా రోజులైందని వెళ్ళాను. నాకు ముందు మాను ఎక్కిన అర్జునుడు ఆయనే, చెంగల్రాయులు అయ్యవారు. నాకు పద్యం నేర్పింది ఆయనే. అరుగు మీద కూర్చుని ఉన్నారు, చొక్కా గుండీలు ఎచ్చుతగ్గుగా పెట్టుకుని. నేను మొదటి పద్యం ఎత్తుకున్నాను. అంతే, అందుకున్నారు. అబ్బా, ఏం గొంతు! కొసదాకా పాడారు. ఒక్క అక్షరం తప్పలేదు. నాకు ప్రాణం లేచొచ్చింది.

పాట అయ్యాక పక్కనున్న గోవిందమ్మత్త వైపు తిరిగి "ఎవురమ్మా నువ్వు? రోంత నీళ్ళిస్తావా?" అన్నారు. యాభై ఏళ్ళు కాపురం చేసిన మనిషిని.

నన్నడిగారు: "ఈ యేడు మాను ఎక్కేది ఎవురప్పా?"

"నేనే అయ్యవారూ."

"నువ్వెందుకూ... దామోదరమని నా శిష్యుడుండాడు. వానికి చెప్పుపో."

ఆ దామోదరం నేనే.

వచ్చేటప్పుడు గోవిందమ్మత్త ఆయన జుట్టు పాయ తీసి మచ్చలు చూపించింది. "ఇది పాకాల ఆటలో పడింది. ఇది మాను మింద నుంచి. ఇది ఎప్పుడో నాకే గురుతు లేదు. వయసన్నారు, గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టించినా. పడినప్పుడల్లా జనం ఈలలేసినారు నాయనా, పట్టుకుని ఆస్పత్రికి పోదామన్నోడు ఒక్కడు లేడు."

మే 8, గురువారం

పద్యాలు చివరిదాకా ఉంటాయి. పెళ్ళాం గుర్తు ముందు పోతుంది. మరి నేను రోజూ దేన్ని చూసుకుని ధైర్యం తెచ్చుకుంటున్నాను?

ఈరోజు చదవలేదు.

మే 11, ఆదివారం

కట్టించుకున్నాను.

ద్రౌపదమ్మ ముందు వరసగా నిలబెట్టారు. పలకలు మోగుతున్నాయి, తల పగిలిపోతోంది. నాకు ముందు కృష్ణుడి వేషం కట్టే హేమాద్రి, తర్వాత నేను. "మామా, ఈ యేడు నాకు వద్దు" — ఈ ముక్క పొద్దుటి నుంచీ లోపల అనుకుంటూనే ఉన్నాను. కుప్పస్వామి మామ పసుపుకొమ్ము కట్టిన దారం పట్టుకుని నా ముందుకొచ్చాడు. జనంలో విమల తల అడ్డంగా ఊపుతోంది. ఆమె పక్కన రేవతి, చేతులు జోడించి నన్నే చూస్తోంది. చెయ్యి చాచాను.

మే 13, మంగళవారం

స్కాను రోజు. అంగడి మూసి ఇంట్లోనే ఉన్నాను.

"పోదాం రాయ్యా. అమ్మోరేం కండ్లు పొడవదు" అంది విమల.

"అమ్మోరు పొడవదు, ఊరు పొడుస్తాది."

"ఊరొచ్చి నీకు అన్నం తినిపిస్తాదా రేపు?"

చెంబు విసిరికొట్టాను. తర్వాత నేనే తెచ్చి పెట్టాను. ఆమె లోపలికి పోయి ఆస్పత్రికి ఫోను చేసి బతిమాలుకుంది. 27న రమ్మన్నారు. అప్పటికి కంకణాలు విప్పేసి ఉంటారు.

మే 16, శుక్రవారం

రాత్రి ఆటలో జరిగింది. ద్రౌపది పెళ్ళి. మత్స్యయంత్రం కొట్టాను, పద్యం పాడాను, అంతా బాగుంది. తర్వాత ఏం చెయ్యాలి? ఎటు నడవాలి? తెలియలేదు. ఎదురుగా లైట్లు, మొహాలు. నేను ఎక్కడున్నాను అనే సంగతే ఒక్క క్షణం... హేమాద్రి మురళి ఊపుకుంటూ వచ్చాడు. "ఏం బావా, ద్రౌపదిని సూస్తానే నోరు పడిపోయిందా?" జనం గొల్లున నవ్వారు. భుజం పట్టుకుని తిప్పి ద్రౌపది పక్కన నిలబెట్టాడు.

తెర వెనకాల రంగు తుడుచుకుంటూ అడిగాడు. "ఏందప్పా ఇది? నిజం చెప్పు." చెప్పేశాను. అయ్యవారి సంగతీ, రేవతి సంగతీ. వాడు కిరీటం తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నేనెక్కుతా."

"కంకణం అర్జునుడిగా నాకు కట్టినారు గదరా."

"అయితే నడుముకు తాడు కట్టుకో. కావి పంచె కింద ఎవురికీ కనపడదు. నేను వెనకాలే ఎక్కి మెట్టుమెట్టుకూ కొక్కీ తగిలిస్తా. పూలబుట్ట ఇచ్చేదానికి వచ్చినాననుకుంటారు."

మే 19, సోమవారం

విమల బెల్టు కుడుతోంది. లారీ పట్టా, ఇనుప వలయం, మందం దారం. నేను కుడదామని కూర్చుంటే సూది బెజ్జం రెండుగా కనబడింది. లాక్కుంది. కుట్టు మీద కుట్టు వేస్తూనే ఉంది.

కుప్పస్వామి మామను అడిగాను, ఆడవాళ్ళను మానుకు దూరంగా పడుకోబెడదామా అని.

"ఎప్పుడూ లేని ఆచారం ఇప్పుడేందప్పా? మాను మొదట్లో పడుకుంటేనే గదా వరం. ఏం, పడతావా ఏంది?" అని నవ్వాడు.

నేనూ నవ్వాను. బాగా నవ్వుతున్నాను ఈ మధ్య.

మే 21, బుధవారం

"రేపు రోంత దూరంగా పడుకో తల్లీ" అన్నాను.

"ఎందుకు నాయనా?"

"ఎండ..."

"ఎండ దగ్గరైనా ఒకటే, దూరమైనా ఒకటే. కాయ నాకందద్దా?"

చెప్పెయ్యాలనుకున్నాను. అది తడిబట్ట కోసం పసుపు చీర మడతపెట్టుకుంటోంది, ఎంత జాగ్రత్తగానో. చెప్పలేదు.

మే 22, గురువారం, పొద్దున

భయంగా ఉంది. ఎవరితోనూ అనలేను, ఇక్కడ రాసుకుంటున్నాను. భయంగా ఉంది.

కిటికీలోంచి మాను కనబడుతోంది. పసుపు రాశారు, కొసన పచ్చతోరణం. పద్యాలు అడగలేదు నన్ను నేను. వేరేవి అడుక్కున్నాను. పెళ్ళాం పేరు విమల. బిడ్డ రేవతి. అల్లుడు... అల్లుడు సురేషు. రాత్రి తిన్నది రాగిసంగటి. అవునా? మొన్న కూడా సంగటే. రాత్రి ఏమిటి?

విమల బెల్టు బిగించింది. ముడి లాగి చూసి, మళ్ళీ లాగి చూసి, నా నడుము పట్టుకుని అట్లాగే ఉండిపోయింది. "పోయిరా" అంది కడకు.

పలకలు వచ్చేశాయి.

మే 23, శుక్రవారం

ఊరంతా అదే మాట. ఇన్నేళ్ళలో ఇట్లాంటి తపసు చూడలేదట. పద్యానికి పద్యం కంచు మోగినట్టుందట. పైన నిలబడి నలుదిక్కులా విభూది చల్లానట. కుప్పస్వామి మామ కండువాతో కళ్ళు తుడుచుకున్నాడట. "తాడు పని పడనేలేదు బావా" అన్నాడు హేమాద్రి.

రేవతి కొంగుముడి విప్పి నిమ్మకాయ చూపించింది. "పైనుంచి నన్ను పేరు పెట్టి పిలిచినావు నాయనా. నన్నే సూసి ఇసిరినావు. లేచి కొంగు పట్టినా, నేరుగా అందులో పడింది."

తల నిమిరాను.

మొదటి మెట్టు మీద కాలు పెట్టాను. తడిచీరల వాసన, పసుపు వాసన. అరికాలి కింద మేకు గరుకు. ఆ తర్వాత... పందిట్లో మజ్జిగ తాగుతున్నాను.

మధ్యలో ఏమీ లేదు.

గోళ్ళలో విభూది ఉంది. మోకాళ్ళు గీరుకుపోయాయి. ఎక్కింది నేనే. అంత ఎత్తున, అంతమంది ఆడవాళ్ళ పైన, నా బిడ్డ పైన — నేను లేకుండా నా ఒళ్ళు ఎక్కి దిగింది. తలుచుకుంటే ఇప్పుడు వణుకు పుడుతోంది, నిన్న పుట్టాల్సిన వణుకు.

ఎవరికీ చెప్పలేదు.

మే 24, శనివారం

రేవతి ఉదయం బస్సుకు వెళ్ళింది. సంచి సర్దుకుంటూ అడిగింది: "కాయ ఇసిరేటప్పుడు మనసులో ఏమనుకున్నావు నాయనా?"

"నీ బిడ్డనే అనుకున్నా తల్లీ."

మురిసిపోయింది. అనుకునే ఉంటాను. నాకెలా తెలుస్తుంది?

స్కాను మంగళవారం. విమల అప్పుడే బట్టలు సంచిలో పెట్టింది. డాక్టరమ్మకు ఈసారి మాను సంగతి చెప్పాలి, ఆ మజ్జిగ సంగతి కూడా.

పళ్ళు తోముకుంటుంటే నేను పిలవకుండానే వచ్చాయి పద్యాలు. ఒకదాని వెనక ఒకటి, ఒక్కటీ తప్పలేదు. విమల పొరక పట్టుకుని వాకిట్లో నిలబడి వింటోంది.

"ఆపయ్యా" అంది.

ఆపాను.

"నా పేరు చెప్పు."

చెప్పాను. వెంటనే చెప్పానా, ఆలస్యమైందా... ఆమె వాకిలి ఊడవడానికి వంగింది.