ఎదురు గడియ

అమ్మకు,

కాళ్ల బొబ్బలు తప్ప నేను క్షేమం. రెండు రోజులు అడవిలో నడిచి, నేను పుట్టకముందు నాన్న వడ్రంగిగా పనిచేసిన పాత కలప శిబిరానికి నిన్న మధ్యాహ్నం చేరాను. గదులన్నీ కూలిపోయి ఒక్కటే నిలబడి ఉంది. దారి చూపించే ఆయన తలుపు వైపుకు ఎంత లాగినా దాని గడియ కదల్లేదు. "తుప్పు పట్టేసిందండీ, కొట్టాల్సిందే" అని రాయి కోసం వెళ్లాడు. నేను ఊరికే చెయ్యి వేసి, అలవాటు కొద్దీ ద్వారబంధం వైపుకు లాగాను. వచ్చేసింది. ఆయన రాయితో తిరిగొచ్చి చూసి, "ఇదివరకు వచ్చారా ఇక్కడికి?" అన్నాడు. "లేదండీ, మా ఇంటి గడియా ఇంతే" అన్నాను.

ఎడమచేతివాటం నాన్న గడియను తలుపుకు కాక ద్వారబంధానికి బిగించి, "దొంగ చచ్చినట్టు తిరిగిపోతాడు" అనడం, "దొంగ సంగతి దేవుడెరుగు, చుట్టాలు చస్తున్నారు" అని నువ్వు సణగడం గుర్తొచ్చాయి. లోపల ఏమీ లేదు. అయినా అడుగు పెడుతూనే, నాన్న ఉన్నప్పటిలా, "నాన్నా" అని పిలవబోయి నాలుక కరుచుకున్నాను.

మోకాలికి నూనె రాస్తున్నావా? చెల్లి పరీక్ష ఎలా రాసింది? వంటింటి కప్పు ఇంకా కారుతోందా? తమ్ముడు వీధి తలుపు మార్పిస్తానన్నాడుగా, మార్పించనీ. పాత గడియ మాత్రం పారేయనివ్వకు, కొత్త తలుపుకూ దాన్నే, అలాగే ద్వారబంధానికే బిగించమను. వడ్రంగి నవ్వితే నవ్వనీ. కళ్లు మూసుకుని తెరవగలిగే తలుపులు నాకు లోకంలో రెండే. ఒకటి రేపు ఇక్కడ వదిలేసి వస్తున్నాను.

నీ పెద్దది