మళ్ల కొడితే?

ఎల్బీ నగర్,
బుధవారం

ప్రేమగల నాయినకు,

నీ రోహిణి రాస్తున్నది. నా ఫోన్ నీ అల్లుడు మహేందర్ చేతిలో ఉంటుంది కాబట్టి కాగితం మీద రాసి, నాతో పాటు దిల్‌సుఖ్‌నగర్‌లో క్లాసుకు వచ్చే సంధ్యారాణి చేత పంపుతున్నాను. తనదీ మన చంపాపేటే.

మొన్న కూరలో ఉప్పెక్కువైందని ఆయన లాప్‌టాప్ చార్జర్ వైరు మడిచి నా వీపు మీద వాతలు తేలేదాకా కొట్టాడు. అంతకుముందు జుట్టు పట్టుకుని తలను బీరువాకేసి బాదాడు. పక్కగదిలో అండాలమ్మత్త టీవీ సౌండ్ పెంచింది. ఎప్పుడూ అంతే. బీరువాకు పడిన సొట్ట సామాను జరుపుతుంటే పడిందని వచ్చినవాళ్లకు చెబుతున్నాం.

ఇంత జరుగుతున్నా క్లాసుకు ఎందుకు పోతున్నావంటావేమో. నేను నేర్చుకునేది ఎల్మ్ అనే భాష. వెబ్‌సైట్‌లో మన కంటికి కనబడే పేజీలూ బటన్లూ దానితో రాస్తాం. మా మధు సార్ తన చిన్న ఆఫీసులో అదే వాడతాడు, బాగా నేర్చుకుంటే ఉద్యోగం ఇస్తానన్నాడు. తప్పు రాస్తే అది ఏం చేస్తుందో తెలుసా నాయినా? "ఇక్కడ అంకె వస్తుందనుకున్నాను, నువ్వు మాట ఇచ్చావు, ఇలా మార్చి చూడు" అని నిదానంగా చెబుతుంది. మొదటిరోజు తెరమీద తప్పు కనబడగానే నా భుజాలు వాటంతటవే ముడుచుకున్నాయి. ఎక్కాలు తప్పితే నువ్వు చింతబరిగె తీసేవాడివి, ఇప్పుడు మహేందర్ వైరు తీస్తున్నాడు. తప్పును కొట్టకుండా కూడా చెప్పొచ్చని నాకు అప్పటిదాకా తెలియదు.

దానికి ఇంకో పట్టుదల ఉంది. ఒక పని ఎన్ని రకాలుగా జరగొచ్చో అన్నింటికీ జవాబు రాయాలి. అడిగిన సమాచారం వస్తే ఏం చూపించాలి, రాకపోతే ఏం చూపించాలి. "రాకపోవుడా, గట్ల కాదులే" అని వదిలేస్తే ముందుకు కదలనివ్వదు.

ఆదివారం పాండురంగం పెదనాయిన ఇంట్లో మా పంచాయితీ. పెద్దమనుషుల్లో నువ్వూ ఒకడివి. మహేందర్ "ఇగ కొట్ట" అంటాడు. అప్పుడు ఒక్క మాట అడుగు, "మళ్ల కొడితే?" అని.

నీ బిడ్డ,
రోహిణి


ఎల్బీ నగర్,
మంగళవారం

నాయినా,

నువ్వు అడగలేదు. చివరికి నేనే అడిగాను. పెదనాయిన నవ్వి, "శుభమా అని కలిపి పంపుతుంటే గదేం మాట బిడ్డా? జర సర్దుకపో" అన్నాడు. నువ్వు చాయ్ కప్పులోకి చూస్తూ కూర్చున్నావు. అమ్మ ఒడిబియ్యం పోసి పంపింది.

ఇంటికి రాగానే మహేందర్, "నలుగురిల నన్ను నిలదీస్తవా" అని నా కుడిచెయ్యి తలుపు సందులో పెట్టి తలుపు వేశాడు. రెండు వేళ్లు విరిగాయి. దవాఖానలో జారిపడ్డానని నా నోటితోనే చెప్పించాడు. ఒడిబియ్యం గడప దగ్గర చెల్లాచెదురైతే అత్త వంగి ఏరింది. ఇది ఎడమచేత్తో రాస్తున్నాను, అందుకే అక్షరాలు ఇలా ఉన్నాయి.

మీరంతా జవాబు చెప్పకుండా వదిలేసిన దారిలోకే నన్ను తోలారు. నీ మీద నాకు చాలా కోపంగా ఉంది. ఆ జవాబు నేనే రాసుకున్నాను. వంటింటి తలుపు వెనుక రోకలి పెట్టాను. మళ్లీ చెయ్యెత్తితే తల పగలగొడతాను, జైలుకైనా పోతాను. ఆ తర్వాత మీరు కూర్చుని ఎంతసేపైనా మాట్లాడుకోండి.

క్లాసు మాత్రం మానలేదు.

రోహిణి


దిల్‌సుఖ్‌నగర్,
గురువారం

బిడ్డా రోహిణీ,

మీ క్లాసు కింద హోటల్‌లో కూర్చుని ఇది రాస్తున్నాను. పైకి వచ్చి నీ ముందు నిలబడే మొహం లేక సంధ్యారాణి చేతికి ఇస్తున్నాను.

నిన్న సాయంత్రం నీ ఉత్తరం అందింది. పొద్దున నువ్వు క్లాసుకు బయలుదేరాక మీ ఇంటికి పోయాను. నువ్వు ఇంట్లో పెట్టి వచ్చిన లాప్‌టాప్‌ను మహేందర్ గడప మీద వేసి బండరాయితో పగలగొడుతున్నాడు. "గిప్పుడే దిల్‌సుఖ్‌నగర్ పోయి దాని రెండో చెయ్యి గూడ ఇరగ్గొడ్త" అన్నాడు. పంచాయితీలో మింగిన మాట అప్పుడు నోట్లోంచి వచ్చింది. "మళ్ల కొడితే ఏందో ఆనాడు చెప్పలే. గది చెప్పనీకె వచ్చిన" అన్నాను. వాడు నా గల్లా పట్టి గోడకేసి కొట్టాడు. పెదవి చిట్లి నోరంతా నెత్తురైంది.

లోపల టీవీ మోగుతున్నది. అది ఆగిపోయింది. అండాలమ్మ నీ రోకలి పట్టుకుని వచ్చింది. మహేందర్ వెనక్కి తిరిగేలోపే వాడి మోచేతి మీద వేసింది. ఎముక విరిగిన చప్పుడు విన్నాను. వాడు కింద పడ్డాక కాలి మీద ఇంకోటి వేసింది. మూడోది నేను ఆపాను. "గడప కాడ బియ్యం ఏరినప్పటి సంది నా చేతులు ఊకుంటలేవు అన్నా" అన్నది. "ఎవలడిగినా నేనే కొట్టిన అని చెప్త. కోడలి పేరు రానియ్యకు."

అన్నట్టే స్టేషన్‌లో చెప్పింది, పిలిచినప్పుడు రావాలని రాయించుకుని ఇప్పటికి పంపారు. వాడు దవాఖానలో ఉన్నాడు. నీ వేళ్ల సంగతి, వీపు సంగతి నువ్వు నీ నోటితో స్టేషన్‌లో చెప్పాలి. నేను పక్కన ఉంటాను. అండాలమ్మకు కూడా వకీలును పెడుతున్నాను. ఆమె మనింట్లోనే ఉంది, మీ అమ్మ నీ గదిలో రెండో మంచం వేసింది.

ఆదివారం మళ్లీ కూర్చుందామని పాండురంగం అన్న అప్పుడే కబురు పెట్టాడు. నువ్వు రావద్దు. మళ్ల అనేది లేదని, బిడ్డ నా ఇంట్లోనే ఉంటుందని నేను చెప్పి వస్తాను.

క్లాసు అయినాక కిందికి దిగు. ఎంతసేపైనా ఇక్కడే ఉంటాను. నాకు ఉత్తరాలు రాసే అలవాటు లేదు. దీంట్లో తప్పులుంటే కొట్టకుండా చెప్పు.

మీ నాయిన,
దశరథ