లెన్సు మీద గంధం

సెప్టెంబరు 26, శుక్రవారం
అశోక్‌నగర్‌లో కోచింగ్ అభ్యర్థుల ఆకలిని పర్యవేక్షించే టిఫిన్ సెంటర్ యజమానురాలు అంబిక, దసరానాడు కొత్త షాపుకు బిగించాల్సిన బోర్డు నిమిత్తం చిక్కడపల్లిలోని మా స్టూడియోలో ఫోటో దిగింది. చూసి, "జోగన్నా, ఇది నా మొఖమా, తవ్వి ఇడిచిన రోడ్డా?" అని విచారించింది. కొత్త లెన్సు సత్యసంధతను ఆమె గుర్తించలేదు.

మా ఆవిడ ఆదిలక్ష్మి గుర్తించింది. పెళ్లినాటి నుంచి తాను నా కెమెరా ముందుకు ఎందుకు రావడం లేదో ఇప్పటికైనా అర్థమైందా అని అడిగింది. ప్రశ్నను పరిశీలనలో ఉంచాను.

సెప్టెంబరు 27
నారాయణగూడ ఫ్లెక్సీ షాపు వినయ్ ఫోన్ ఫిల్టరుతో అంబికను కాలేజీ పిల్లను చేశాడట. "ఈ పోరి ఎవరే?" అని సొంత భర్త ఈరన్నే అడిగాడట. "నేను నా లెక్కనే ఉండాలె అన్నా, జర నున్నగ" అని నాకు ఆదేశం. దసరాలోగా కుదరకపోతే బోర్డు మీద ఇడ్లీ బొమ్మ వేయిస్తుందట.

ఇడ్లీ చేతిలో ఓటమి ఈ సంస్థ చరిత్రలో లేదు.

సెప్టెంబరు 29, మధ్యాహ్నం
ముఖాన్ని మెత్తగా చూపే సాఫ్ట్ ఫోకస్ ప్రయోగాలు ప్రారంభం. లెన్సుకు నైలాన్ సాక్సు తొడిగాను. ముఖం మీద గళ్లు పడ్డాయి. లెన్సు ముందు బిగించే ఫిల్టర్ అద్దానికి వ్యాజలైన్ పూశాను. అంబిక అదృశ్యమై ముక్కుపుడక మిగిలింది.

సెప్టెంబరు 30
ఇడ్లీ గెలిచే సూచనలు కనిపిస్తున్నాయి.

అక్టోబరు 1, మహర్నవమి
ఆయుధపూజ. ఆదిలక్ష్మి స్కూటరుకు, ట్రైపాడ్‌కు, ప్రింటరుకు గంధం బొట్లు పెట్టింది. పక్షపాతం లేకుండా లెన్సు ఫిల్టర్ నడిమధ్యన కూడా పెట్టింది. పైన కుంకుమ.

అప్పుడే అంబిక వచ్చింది. ఇదే ఆఖరి అవకాశమంది. "జల్ది తియ్ అన్నా, పొయ్యి మీద సాంబారు వెట్టి వచ్చిన" అంది. పూజ చేసిన పనిముట్టును ఆ రోజు ముట్టరాదన్న నియమాన్ని తక్షణమే సడలించి, ఉత్తరీయం కొసతో అద్దం తుడిచాను. కుంకుమ పోయింది. గంధం పల్చటి పొరగా అద్దమంతా పరుచుకుంది. అది గమనించకుండానే క్లిక్ చేశాను.

స్క్రీన్ చూసి లేచి నిలబడ్డాను. ముఖం చుట్టూ మెత్తటి వెలుగు. ముడతలు ఉన్నచోటే ఉన్నాయి, గొడవ మానేశాయి.

అంబిక సాంబారు మరిచిపోయి చూసింది. "ఇగో, ఇది నేను" అని కళ్లు ఒత్తుకుంది.

అక్టోబరు 2, విజయదశమి
బోర్డు ఆరోహణ దిగ్విజయం. కోచింగ్ అభ్యర్థులు ప్లేట్లు పక్కన పెట్టి చప్పట్లు కొట్టారు. ఈరన్న తలెత్తి చూసి, "మా ఆమెనే" అని బహిరంగంగా ధ్రువీకరించాడు. ఇది నా దీర్ఘకాలిక పరిశోధనా ఫలితమని ప్రకటించాను. ఆదిలక్ష్మి ఖండించలేదు. ఇది ఆందోళనకరం.

అక్టోబరు 3, ఉదయం
ఆదిలక్ష్మి పట్టుచీర కట్టుకుని వచ్చి స్టూడియో స్టూలు మీద కూర్చుంది. చేతిలో గంధం గిన్నె ఉంది.