పక్క సీటు బెల్టు

మర్గుస్, నేను పొద్దుటి ఓడకి హాప్సలు పట్నం వెళ్తున్నాను. టైర్ల షాపుకి నువ్వే వెళ్లు. పెద్ద కారుకి మంచు మీద జారకుండా పట్టుకునే మేకుల టైర్లే వేయించు. మెత్తవైతే చప్పుడు చేయవని షాపువాడు ఊదరగొడతాడు, వినకు. బఠాణీ సూప్ పొయ్యి మీదుంది, వేడి చేసుకుని తిను.

మేకులున్నాయి కదా అని గడ్డకట్టిన సముద్రం మీది దారిలోకి దిగావో, ఊరుకోను. టైర్లు జారకుండా ఆపుతాయి గానీ, అంత బరువు కింద మంచు పగలకుండా ఆపవు. ఎండెల్ అన్నయ్య కారుకీ మేకుల టైర్లే. మంచు పగిలితే దూకెయ్యాలి, అందుకే ఆ దారిలో బెల్టు పెట్టుకోకూడదని మనకి చిన్నప్పుడే నేర్పారు. బెల్టు పెట్టుకోలేదని కారు ఒకటే కూస్తోందని అన్నయ్య విసుక్కుని పెట్టేసుకున్నాడు. మంచు పగిలి మునిగాక, అలా బెల్టుతోనే దొరికాడు. నువ్వేమో పోయి పోయి అదే రకం కారు కొన్నావు.

నిన్న నేనొక్కదాన్నే దాన్ని నడుపుతుంటే, పక్క సీటుకి బెల్టు పెట్టమని కూసింది. ఆ సీట్లో నా చేతిసంచీ కూడా లేదు. ఇల్లు చేరేదాకా కూస్తూనే ఉంది.

అక్క

గుమ్మం దాకా వెళ్లి వెనక్కొచ్చి రాస్తున్నా: నీకూ కూస్తే కూయనీ. దాని నోరు మూయించడానికి ఆ పక్క సీటు బెల్టు మాత్రం పెట్టకు. ఈసారైనా అన్నయ్యని కారు దిగనీ.